మామతో పాటు పూడ్చిన ఫోను

పూతలపట్టు కూడలిలో, చిత్తూరు బస్సులు ఆగే చోట నాకొక ఫోన్ల అంగడి ఉండాది. కొత్త ఫోన్లు అమ్మేది, బ్యాక్ కవర్లు తొడిగేది, తెర మీద గాజు అతికించేది, బ్యాటరీలు మార్చేది, అన్నీ నేనే. పదకొండేండ్లుగా ఆ స్టూలు మీద కూసోని నేను నేర్చుకునింది ఒకటే. చేతికి కొత్త ఫోను వస్తే మనిషికి ఉండే అరకొర బుద్ధి కూడా పోతుంది.

నిజం చెప్తాండా. కన్నబిడ్డ కిందపడి మోకాలు చెక్కుకుంటే "లెయ్ లెయ్, ఏం కాలేదు" అనే మొగోడు, ఫోను కిందపడితే గుండె పట్టుకోని కూలబడతాడు. ఒకాయన కాణిపాకం పోయి కొత్త ఫోనుకు పూజ చేయించుకోని వచ్చి, కెమెరా కంటికి కుంకుమ పెట్టి, "హరినాథా, ఫోటోలన్నీ ఎర్రగా వస్తాండాయి, నువ్వు అమ్మింది డూప్లికేటు" అని నా మీదికి ఎగబడినాడు. థూ! ఇట్లాంటోళ్ళకు ఫోనిచ్చేది కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టే.

అందరిలోకీ పెద్ద కోతి మా మామ.

పేరు దొరస్వామి. నా పెండ్లాం నందినికి నాయన. ఊరిని ఆనుకోని ఆయనకు నాలుగెకరాల మాంతోపు. మొన్న ఉగాదికి నా అంగట్లోనే కొత్త ఫోను తీసుకున్నాడు. బ్యాటరీ పెద్దది, ఊరికే పెట్టుకుంటే వారం పైన నిలిచేది. ఆ రోజు నుంచీ ఆయన కాళ్ళు భూమ్మీద లేవు. తెర మీదుండే ప్లాస్టిక్ పొర పీకనియ్యడు. నిమిషానికొకసారి "ఫూ... ఫూ..." అని ఊది తువ్వాలతో తుడుస్తాడు. ఛార్జింగు తొంభైకి దిగితే సాలు, ఆవు దూడని పోగొట్టుకున్నట్టు వైరు కోసం ఇల్లంతా తిరుగుతాడు. ముందు కూలోళ్ళకు అన్నం పెట్టినారా లేదా అని అడిగే మనిషి, ఫోనొచ్చినాక అదీ మర్చిపోయినాడు. నాకు ఆ మనిషిని చూస్తేనే కంపరం పుట్టేది. ఆయన ముందర నోరారా మామా అని పిలిచేది కూడా మానేసినాను.

ఆయనకు జీమెయిల్ లేదు. ఊర్లో ముసలోళ్ళకు ఎవురికుంటుంది? అందరికీ చేసే మాదిరే నా జీమెయిలే పెట్టి ఇచ్చినాను. అందుకని ఆయన ఫోను యాడుండాది, ఎంత ఛార్జింగు ఉండాది, అన్నీ నా ఫోన్లో కనపడతాయి.

ఇంక కవరు. నా కూతురు హేమశ్రీకి ఎనిమిదేండ్లు. ముందు పన్ను ఊడినప్పుడు రెండు జడలతో నవ్వతా ఒక ఫోటో దిగింది. దాన్ని కవరు మీద అచ్చేసియ్యమన్నాడు మామ. "నా మనవరాలు ఎప్పుడూ నా చేతిలో ఉండల్ల" అన్నాడు. మా అంగట్లో మిషను ఉండాది కదా, నేనే వేసిచ్చినాను.

మే నెలలో, మామిడికాయ కోతకొచ్చిన రోజుల్లో, మామ తోపులోనే గుండె ఆగి పోయినాడు. చేతిలో ఫోను అట్లనే ఉండాది.

మా పక్క పూడ్చేది వాడుక. తోపులోనే తూర్పు గెనిమ గట్టు పక్కన గుంత తీసినాడు కుప్పయ్య. ఊర్లో ఆ పని వాళ్ళ నాయన కాలం నుంచీ వాళ్ళదే. మన్ను వేసే ముందర పోయినోళ్ళకు ఇష్టమైనవి లోపల పెడతారు. మా అత్త చంద్రకాంతమ్మ ఏడస్తానే ఆకువక్క సంచీ పెట్టింది. ఆ పొద్దంతా ఫోను మోగతానే ఉండాది. సావుకు రాలేని ప్రతి ఒక్కడూ ఫోన్లో ఏడ్సేదానికి చేస్తాండాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అత్తా, ఆయన పానమంతా దీంట్లోనే కదా ఉండేది? ఇదీ పోనీ ఆయన ఎంబడి" అని ఫోను తీసుకపోయి రొమ్ము మీద పెట్టినాను.

"స్విచ్చాఫ్ చెయ్యవా?" అన్నారెవరో.

"ఎందుకు? ఆడికి పోయినాక వాట్సాప్ సూసుకోవద్దా?"

ఇద్దరు ముగ్గురు నవ్వు ఆపుకోలేక మొగం తిప్పుకున్నారు. కుప్పయ్య నవ్వలేదు. నా పక్కకొచ్చి మెల్లిగా అన్నాడు.

"అప్పా, ఆ కవరు మీద పాప బొమ్మ ఉండాది. బతికుండే బిడ్డ బొమ్మ గుంతలోకి పోగూడదు. కవరన్నా పీకెయ్."

"ప్లాస్టిక్ ముక్క అది కుప్పయ్యా. అచ్చేసినోన్ని నేనే. నీ పని నువ్వు సూసుకో."

అందరూ వినేటట్టు అన్నాను. ముసలాయన ఎనక్కి జరిగినాడు. పార చేతికి తీసుకున్నాడు. మన్ను వేసే ముందర నేను తెర చూసినాను. పొద్దంతా మోగినా ఛార్జింగు నూటికి నూరు.

మూడో నాడు గుంత మీద పాలు పోసి వచ్చినాము. ఆ సాయంత్రమే హేమశ్రీ ఆడుకునేది మానేసి గోడకానుకోని కూసుంది. "ఆయాసంగా ఉండాది నాయనా" అంది. మరుసటి రోజుకి నాలుగడుగులు వేస్తే రొప్పు. తిరుపతికి తీసుకపోయి ఆస్పత్రిలో చేర్చినాము. వేలికి క్లిప్పు తగిలించినారు. మంచం పక్కన తెర మీద ఆక్సిజన్ అంకె తొంభై మూడు.

ఎక్సురే తీసినారు, రక్తం తీసినారు. "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉండాయి, చూద్దాం" అన్నాడు డాక్టరు. చూద్దాం! చూద్దాం అనేదానికి అంత చదువెందుకు? మా కుప్పయ్య కూడా చూద్దాం అంటాడు. నందిని బిడ్డ కాళ్ళకాడ కూసోని కన్నార్పకుండా ఆ అంకెనే చూస్తాండాది.

ఆరో రోజు పొద్దున వరండాలో బెంచీ మీద కూసోని నేను ఫోను తీసినాను. సచ్చినోని ఫోను ఇంకా నా అకౌంట్లో ఎందుకు, తీసేద్దామని. అప్పుడు చూసినాను.

దొరస్వామి మామ. ఇప్పుడే కనిపించింది. బ్యాటరీ తొంభై రెండు.

నవ్వొచ్చింది నాకు. అయిదడుగుల మన్ను కింద సిగ్నలా? నా అంగట్లో కూసుంటేనే సరిగ్గా రాదు. యాప్ తప్పు చూపిస్తాండాదిలే అనుకోని అద్దం తలుపులోనుంచి లోపలికి చూసినాను. హేమశ్రీ మంచం పక్క తెర మీద అంకె తొంభై రెండు.

సరే, కలిసొచ్చింది. లోకంలో తొంభై రెండు అనే అంకె ఒక్కటే ఉంటుందా?

చూస్తాండంగానే నా ఫోన్లో తొంభై ఒకటి అయింది. తల ఎత్తినాను. లోపల తెర మీద... తొంభై ఒకటి.

నాకు కోపమొచ్చింది. భయం కాదు, కోపం. పదకొండేండ్లు ఫోన్లు విప్పి మళ్ళా బిగించినోన్ని, నాకే కథలు చెప్తాండావా అనుకున్నాను. ఇది తేలిపోవల్ల అని మామ నంబరుకు ఫోను కొట్టినాను. స్విచ్చాఫ్ అని వస్తుంది, పీడ పోతుంది.

రింగు పోయింది.

ఒకటి... రెండు... అద్దంలోనుంచి చూస్తానే ఉండాను. తొంభై. మూడు... నాలుగు... ఎనభై తొమ్మిది. నందిని లేసి నిలబడింది. అయిదో రింగుకు ఎవరో ఎత్తినారు.

ఏమీ వినపడలేదు. మన్ను రాలినట్టు చిన్న చప్పుడు. ఆ తర్వాత...

"ఫూ..."

నా చెవికి గాలి తగిలినట్టయింది.

"ఫూ... ఫూ..."

కట్ చేసినాను. ఫోను బెంచీ మీద పడేసినాను. లోపల నర్సు పరిగెత్తింది, డాక్టరు వచ్చినాడు, బిడ్డ మొగానికి మాస్కు పెట్టినారు. అంకె ఎనభై ఏడు. మాస్కు పెట్టినా పెరగలేదు. డాక్టరు నన్ను పక్కకు పిల్చి, "ఎనభై కంటే కిందికి దిగితే మా చేతిలో ఉండదండీ" అన్నాడు. ఆయప్ప మొగంలో చదువు కనపడలేదు, నా మాదిరే బిత్తరపోయి ఉండాడు.

ఆ ఫోను మోగించింది నేను. నాలుగు అంకెలు నా బిడ్డకాడినుంచి పీకింది నేను. నవ్వతా దాన్ని గుంతలో పెట్టిందీ నేనే.

"మందులు తెస్తా" అని నందినికి అబద్ధం చెప్పి బండి తీసినాను. దావలో ఎన్నిసార్లు ఆపి చూసుకున్నానో. ఎనభై ఆరు. ఎనభై అయిదు. పూతలపట్టు చేరేటప్పటికి మిట్టమధ్యాహ్నం. నేరుగా కుప్పయ్య ఇంటికాడ ఆపినాను. ముసలాయన అరుగు మీద కూసోని సంగటి తింటాండాడు. చెప్పింది మొత్తం విన్నాడు.

"పన్నెండు గంటల యాళ ఎవురూ గుంత కాడికి పోరప్పా. పొద్దు వాలనీ."

"అంతసేపు నా బిడ్డ ఉండదు కుప్పయ్యా."

"మూసేది నా పని. తెరిసేది నా పని కాదు."

"నువ్వు చెప్పినావు. నేను వినలేదు. నా కొవ్వు. నా బిడ్డేం చేసింది?"

ఆయన చెయ్యి కడుక్కోని లోపలికిపోయి పార, గడ్డపార తెచ్చి నా చేతికిచ్చినాడు. నా ఎంబడి తోపు దాకా వచ్చి, గుంతకు పది గజాల దూరంలో, అటు తిరిగి నిలబడినాడు.

ఆ ఎండలో తోపంతా గమ్మునుండాది. కాయ కోసే కూలోళ్ళు సద్ది తినేదానికి పోయినారు. రామచిలకలు లేవు, ఉడతలు లేవు. ఆకు కదలలేదు. రాలిపోయి కుళ్ళిన మామిడికాయల పులుపు వాసన ముక్కుకు పట్టేసింది. చెట్ల కింద నీడ ఒక్కొక్క మొదలు కాడ ముడుచుకోని ఉండాది. నేను తవ్వేది మొదలు పెట్టినాను. మన్ను మెత్తగానే ఉండాది. పోసిన పాలు ఎండి తెల్లగా అట్టకట్టినాయి.

మోకాలి లోతు. ఎనభై నాలుగు.

నడుము లోతు. చెమట కండ్లల్లోకి కారి మండతాండాది. మామిడి వాసన పోయింది. ఇంకొక వాసన వచ్చింది. తువ్వాలు ముక్కుకు కట్టుకున్నాను. ఎనభై మూడు.

"కుప్పయ్యా, ఉండావా?"

"ఉండా. ఎనక్కి సూడొద్దు. తవ్వు."

అప్పుడు తగిలింది నా అరికాళ్ళకు. గుర్ర్... గుర్ర్... గుర్ర్. మన్ను కింద ఫోను వైబ్రేషన్. ఎవరు చేస్తాండారు? నా ఫోను నా జేబులో ఉండాది. నేను చెయ్యలేదు. గుర్ర్... గుర్ర్... ఆగింది.

ఎనభై రెండు.

మెడలోతు దిగినాక పార పక్కన పారేసి చేతుల్తో తోడినాను. గుడ్డ తగిలింది. నేను పెట్టింది రొమ్ము మీద. రొమ్ము మీద తడిమినాను... లేదు. రెండు పక్కలా తడిమినాను. లేదు. మొగం మీది మన్ను తోసినాను.

చెవి కాడ ఉండాది. చేత్తో పట్టుకోని ఉండాడు. మాట్లాడతాండే మనిషి మాదిరి.

తెర వెలగతాండాది. ఆయన మొగం నిండా మన్ను, కవరు మీద నవ్వే నా బిడ్డ మొగం నిండా మన్ను. తెర మీద మాత్రం ఒక్క ఇసక రేణువు లేదు. ఇప్పుడే ఊదినట్టు అద్దం మాదిరి ఉండాది.

ఎనభై ఒకటి.

పట్టుకోని లాగినాను. రాలేదు. రెండు చేతుల్తో లాగినాను. ఆ వేళ్ళు... బిగిసినాయి. సచ్చి ఆరు దినాలయిన మనిషి వేళ్ళు నా చేతి కింద బిగిసినాయి. నోట్లోనుంచి బూతు రాబోయింది. బతికినప్పుడు తిట్టినంతా తిడదామని. రాలేదు. మోకాళ్ళ మీద పడిపోయినాను.

"మామా... మామా, హేమ సచ్చిపోతాది మామా. నీ మనవరాలు. నిన్ను ఎగతాళి చేసింది నేను, నన్నేమన్నా చెయ్యి. బిడ్డను నాకిచ్చెయ్ మామా... నీ కాళ్ళు పట్టుకుంటా..."

ఎంతసేపు ఏడ్సినానో తెలీదు. చిటికెన వేలు లేసింది. తర్వాత ఉంగరం వేలు. తర్వాత...

ఫోను నా చేతిలోకి జారింది.

పైకెట్ల ఎక్కినానో కూడా తెలీదు. బండి డిక్కీలో పవర్ బ్యాంకు ఉండాది. వైరు తగిలించినాను. ఎనభై ఒకటి. ఎనభై ఒకటి. ఎనభై రెండు. నందినికి ఫోను చేసినాను.

"యాడుండావు? పాపకి... ఆ, అంకె పెరగతాండాది! ఎనభై రెండు... మూడు అయింది! డాక్టరును పిలుస్తాండా. ఏం మందు తెచ్చినావు?"

గుంత గట్టున కూసోని ఏడ్సినాను. ఎనకమాల కుప్పయ్య మన్ను తోసే చప్పుడు. మూసేది ఆయన పని కదా. అంతా అయినాక వచ్చి ఫోను దిక్కు చూసినాడు.

"లోపలిది బయటికొస్తే ఊరికే రాదప్పా" అన్నాడు. "ఇంట్లో పెట్టుకోగూడదు."

"పెట్టుకోకుంటే ఎట్ల కుప్పయ్యా?"

ఆయన పార భుజాన వేసుకోని ఇంటి దావ పట్టినాడు.

రెండు దినాల్లో హేమశ్రీని ఇంటికి పంపించినారు. దోసె అడిగి తినింది, గంతులేసింది. ఏ మందు పనిచేసిందో మా డాక్టరుకు ఈనాటికీ తెలీదు. ఇంటికొచ్చినాక మొదట కవరు పీకి కాల్చేద్దామనుకున్నాను. గోరుతో మూల కొంచెం లేపినానో లేదో, పక్క గదిలో బిడ్డ "అబ్బా, నాయనా!" అని ఎగశ్వాస తీసింది. మళ్ళా అదిమేసినాను. ఆ దినం నుంచీ దాని జోలికి పోలేదు.

ఇప్పుడు నన్ను చూడల్ల మీరు. జేబులో రెండు పవర్ బ్యాంకులు, మెడలో ఆ ఫోను. కరెంటు పోతే బ్యాటరీ ఇన్వర్టరు కాడికి పరుగు. నిద్రలో కూడా నా చెయ్యి వైరు మీదనే. గంటకొకసారి తెర మీద ఊది తుడుస్తాండాను. అవును, నేనే. ఊదకుండా ఉండలేను. అంగటికొచ్చే పిలకాయలు నన్ను చూసి కిసకిసమంటాండారు. "హరన్నకు ఫోను పిచ్చి పట్టింది" అని ఎనకాల చెప్పుకుంటాండారు. నవ్వనీ గాడిద కొడుకుల్ని. నేను వాళ్ళకంటే ఎక్కువ నవ్వినోన్నే.

కానీ ఇరవై నాలుగ్గంటలూ వైరుకు తగిలించి పెడితే ఏ బ్యాటరీ అయినా ఎన్నాళ్ళుంటుంది? పోయిన వారం కవరు ఒకవైపు లేసినట్టు కనిపించింది. వేలితో నొక్కి చూసినాను. బ్యాటరీ ఉబ్బింది. ఇట్లాంటి ఫోను ఇంకొకడు తెచ్చింటే, "ఇంట్లో బాంబు పెట్టుకున్నావా, ఎద్దు" అని తిట్టేవాన్ని. ఇట్లే వదిలేస్తే ఒకనాడు పగిలి మండుతుంది. కొత్త బ్యాటరీ తెప్పించి సొరుగులో పెట్టినాను. మార్చేది నాకు కండ్లు మూసుకోని చేసే పని. కవరు తియ్యల్ల, ఎనక మూత విప్పల్ల, పాతది పీకల్ల, కొత్తది పెట్టల్ల. ఎంత తొందరగా చేసినా రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు ఛార్జరు తగిలించినా పనికిరాదు, బ్యాటరీ లేని ఫోను చచ్చిన ఫోనే.

అప్పుడు అంకె ఎంత చూపిస్తుంది?

వారం నుంచీ స్క్రూడ్రైవరు చేతికి తీసుకుంటాండాను, కింద పెడతాండాను. ఎవరితో అనలేదు. నందినికి చెప్పలేదు. కుప్పయ్యకు కూడా చెప్పలేదు. చెప్పి ఏం లాభం, వాళ్ళు వచ్చి ఆ రెండు నిమిషాలు ఆపుతారా?

నిన్న సాయంత్రం బడి అయినాక హేమశ్రీ అంగటికొచ్చింది. బిస్కెట్టు పొట్లం విప్పుకోని బల్ల మీద ఎక్కి కూసోని, కాళ్ళు ఊపుకుంటా తినింది. నేను ఫోను మీద ఉఫ్ అని ఊదతాండాను. బిడ్డ నన్నే చూసింది.

"భయపడొద్దు నాయనా, మార్చెయ్" అంది. "రెండు నిమిషాలే కదా. అంతసేపు నేను తాత కాడ కూసోని ఉంటా."

నా చెయ్యి వైరు మీదికి పోయింది.

బిడ్డ బిస్కెట్టు పొడి గౌనుకు తుడుచుకోని, బల్ల మీదినుంచి దుంకింది.

"ఈసారి చెప్పులేసుకోని పోతాలే. పోయినసారి ఆడ ఇసక కాళ్ళకు సుర్రుమనింది."